వడ్లు కొనే సాఫ్ట్‌వేర్: మా మిల్లులో మూడు సీజన్లు వాడాక

మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లులో పదహారేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. 2024 వానాకాలం నుంచి మేం వడ్ల కొనుగోలుకు ఒక సాఫ్ట్‌వేర్ వాడుతున్నాం. తెలిసిన మిల్లుల వాళ్లు, రైతు సంఘాల వాళ్లు ఫోన్ చేసి "ఎట్లుంది, తీసుకోవచ్చా" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ సగం సగం చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను. కంపెనీ పేరు మాత్రం రాయను. అందులో మాకు ఎదురైన తప్పులు కూడా చెప్తున్నాను కాబట్టి పేరు పెట్టి రాయడం బాగుండదు. మీరు ఏ కంపెనీది తీసుకున్నా అడగాల్సిన ప్రశ్నలు ఇవే.

మా దగ్గర కొనుగోలు ఎలా జరుగుతుందో తెలియని వాళ్ల కోసం ముందు కొంచెం చెప్పాలి. సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదలగానే ఆయకట్టులో ఇంచుమించు ఒకేసారి నాట్లు పడతాయి. అందుకే కోతలు కూడా ఒక్కసారే మీద పడతాయి. సన్నాలు (సన్న బియ్యం వచ్చే వడ్లు) వేసిన రైతు హార్వెస్టర్ నుంచి పచ్చి వడ్లు ట్రాలీలో పోసుకొని నేరుగా మిల్లుకు వస్తాడు. మిల్లుకు కూడా పచ్చివే కావాలి. రోడ్డు మీద ఎండకు ఆరిన గింజ పగుళ్లు పట్టి మర ఆడిస్తే నూక ఎక్కువవుతుంది. పచ్చి వడ్లను డ్రయ్యర్‌లో నిదానంగా 14 శాతం తేమకు దింపితే బియ్యం నిలుస్తుంది. ఇద్దరికీ అవసరమే. కానీ పచ్చి వడ్లలో నీళ్లు ఎన్ని, గింజ ఎంత అన్న దగ్గరే గొడవంతా మొదలవుతుంది.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు మా నాన్నతో ట్రాక్టర్ మీద మిల్లుకు వచ్చాను. మాది కౌలు వ్యవసాయం. నాన్నకు చదువు రాదు, చిట్టీ నేనే చదవాలి. ఆ చిట్టీ మీద మొత్తం బరువు, చివర్లో డబ్బులు, అంతే ఉన్నాయి. తేమకని బరువులో కోసే తరుగు ఎంత తీశారని నాన్న అడిగితే గుమాస్తా "అంతా కలిపే రాసినం" అన్నాడు. దారంతా నాన్న నన్ను అడుగుతూనే ఉన్నాడు, ఎంత తీసినట్టు బిడ్డా అని. ఎంత చదువుకున్నా ఆ కాగితం మీద లేని అంకె నేను చెప్పలేకపోయాను. ఇప్పుడు చిట్టీలు రాసేది నేను. అందుకే ఈ సాఫ్ట్‌వేర్ డెమోకు వచ్చిన రోజు నేను రంగుల గ్రాఫులు చూడలేదు. రైతు చేతికి వెళ్లే కాగితం ఎలా ఉంటుందో చూపించండి అని అడిగాను.

అది చూపించారు, నచ్చింది. గేటు దగ్గర బండి నంబరు, రైతు ఫోన్ నంబరు, ఊరు, వడ్ల రకం ఎక్కిస్తే టోకెన్ వస్తుంది. వేబ్రిడ్జికి కంప్యూటర్ నుంచి వైరు ఉంటుంది. కాంటా మీద బండి నిలబడ్డాక బరువు దానంతట అదే ఎక్కుతుంది, చేత్తో కొట్టడం కుదరదు. లోడుతో బరువు, ఖాళీ బండి బరువు, తేమ, తాలు (గింజ పట్టని వడ్లు), తరుగు, ధర, హమాలీ, ముందు తీసుకున్న అప్పు ఉంటే అది, చేతికి రావాల్సిన మొత్తం, డబ్బులు పడే తేదీ, ఇవన్నీ చిట్టీ మీద వరుసగా వస్తాయి. అదే రైతు ఫోన్‌కు మెసేజ్‌గా వెళ్తుంది. ఎవరైనా అంకె మారిస్తే ఎవరు మార్చారు, ఏ టైముకు మార్చారు అన్నది నిలిచిపోతుంది. నా మటుకు నాకు ఈ చివరి సౌకర్యం ఒక్కదానికే డబ్బులు ఇవ్వొచ్చు అనిపించింది.

ఏడాదికి 72 వేలు, మొదటిసారి బిగించడానికి, నేర్పడానికి ఇంకో 25 వేలు. మాలాంటి మధ్యరకం మిల్లుకు అది చిన్న మొత్తం కాదు. మా సేటు, అంటే మిల్లు యజమాని, రెండు నెలలు బేరం చేశారు, అయినా పెద్దగా తగ్గలేదు.

ఇక తేమ విషయం. ఇక్కడ కొంచెం ఆగి చెప్తాను, మిగతావన్నీ దీని తర్వాతే.

పాత పద్ధతిలో బస్తాకు ఇంత తరుగు అని నోటి లెక్క. కొనుగోలు చూసే మనిషి గింజలు అరచేతిలో నలిపి, పంటి కింద కొరికి చెప్పేవాడు. అనుభవం ఉన్నవాళ్లు చాలా దగ్గరగానే చెప్తారు, కాదనను. కానీ ఆ లెక్క రైతుకు కనపడదు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నది చిన్న ఎండు లెక్కే. 26 తేమ ఉన్న 100 కిలోల వడ్లలో ఎండు గింజ 74 కిలోలు. దాన్ని 14 తేమకు ఆరబెడితే మిగిలేది 86 కిలోలు. అదే 22 తేమతో వస్తే దాదాపు 90 కిలోల 700 గ్రాములు మిగులుతాయి. అంటే ఒక్క పాయింటు తేమకు క్వింటాకు కిలో 160 గ్రాముల తేడా. మేం 24 తేమకు ఆ రోజు ధర చెప్పి, అటూ ఇటూ ఒక్కో పాయింటుకు ఈ లెక్క ప్రకారమే కలపడం, తీయడం చేసేలా సెట్ చేయించాం. గోడ మీద పెద్ద అక్షరాలతో ఆ పట్టిక అంటించాం. మొదటి వారం రైతులు చిట్టీ తెచ్చి గోడ దగ్గర నిలబడి సరిచూసుకున్నారు. సరిపోయాక మళ్లీ ఎవరూ గోడ వైపు చూడలేదు. ఇప్పటికీ పట్టిక అక్కడే ఉంది.

అయితే సాఫ్ట్‌వేర్‌కు తేమ మిషన్‌తో సంబంధం లేదు. ఇది పెద్ద లోపం. కాంటా బరువు వైరులో వస్తుంది, తేమ మాత్రం మనిషి చూసి చేత్తో కొట్టాలి. 23.4 వస్తే 24 కొట్టొచ్చు, 25 కొట్టొచ్చు. నేను గట్టిగా అడిగితే మిషన్ తెర ఫొటో తీసి ఎక్కించే ఏర్పాటు చేశారు. ఫొటో లేకపోతే చిట్టీ ముద్రపడదు. మొదట్లో మా పిల్లలు విసుక్కున్నారు, అటు లైను పెరిగిపోతోందని. నేను ఒప్పుకోలేదు. ఆ ఫొటోలే తర్వాత మాకు ఒక నిజం చూపించాయి.

మొదటి సీజన్ చివర్లో, డిసెంబర్‌లో బండ్లు తగ్గాక తీరిగ్గా కూర్చొని రిపోర్టులు తీశాను. కంపెనీ వాళ్లు ఇచ్చిన రిపోర్టుల్లో చాలావరకు నాకు పనికిరాలేదు. ఒకటి మాత్రం, టైము ప్రకారం తేమ ఎంత వచ్చింది అన్నది, రకం వారీగా విడదీసి చూశాను. ఒకే రకం, ఒకే ఊళ్లు, ఒకే వారం. పగలు వచ్చిన ట్రాలీల కంటే రాత్రి పది దాటాక వచ్చినవాటి తేమ సగటున పాయింటున్నర ఎక్కువ. మొదట మా రాత్రి షిఫ్టు అబ్బాయి మీద అనుమానం వచ్చింది. ఫొటోలు తీసి చూస్తే అంకెలు సరిగ్గానే కొట్టాడు. మిషన్ అంతే చూపించింది. మరి తేడా ఎక్కడిది?

మర్నాడు రాత్రి నేనే ఉండిపోయాను. చూస్తే విషయం చాలా చిన్నది. పగటి పూట ట్రాలీలో మూడు నాలుగు చోట్ల, లోపలి వరకు గొట్టం గుచ్చి గింజలు తీస్తున్నారు. రాత్రి లైటు సరిగ్గా లేక, ట్రాలీ ఎక్కడానికి భయపడి, ట్రాలీ మీద కప్పిన పట్టా ఒక మూల ఎత్తి పైన చేతికి అందిన గింజలు తీస్తున్నారు. చలికాలం మంచుకు పట్టా కింద పైపొర చెమ్మగిల్లి ఉంటుంది. ఆ చెమ్మ గింజలే మిషన్‌లో పడుతున్నాయి. ఎవరూ మోసం చేయలేదు. అయినా రైతు నష్టపోయాడు. అరవై క్వింటాళ్ల ట్రాలీకి పాయింటున్నర అంటే 104 కిలోలు. క్వింటా 2,400 లెక్కన రెండున్నర వేలు. లైనులో వెనక పడి రాత్రి వరకు ఆగిన రైతు, నిద్ర లేకుండా ట్రాక్టర్ కింద పడుకున్న రైతు, పైగా రెండున్నర వేలు పోగొట్టుకుని వెళ్లాడు. ఆ రైతులెవరో ఫోన్ నంబర్లతో సహా నా ముందు తెర మీద ఉన్నారు. చేత్తో లెక్కలు రాసిన ఎర్ర పుస్తకాల కాలంలో ఇది ఎప్పటికీ బయటపడేది కాదు. పదహారేళ్లలో ఎన్ని రాత్రులు ఇలా జరిగి ఉంటుందో అని ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

సేటుకు చూపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. అందరికీ వెనక్కి ఇవ్వడం కుదరదన్నారు. సగటు మీద ఒక్కొక్క ట్రాలీకి ఇంత అని ఎలా తేలుస్తాం అన్నారు, ఆ మాటలో నిజం ఉంది. చివరికి తర్వాతి సీజన్‌లో మళ్లీ వచ్చిన ఆ రైతులకు హమాలీ మిల్లే పెట్టుకునేలా ఒప్పుకున్నారు. నాకు అది చాలలేదు, ఇప్పటికీ చాలదు. కానీ నాలుగు ఫ్లడ్ లైట్లు వేయించారు, ట్రాలీ ఎక్కడానికి ఇనుప మెట్లు చేయించారు, రాత్రి కూడా నాలుగు చోట్ల గింజలు తీయాలని రాసి పెట్టారు. ఆ తర్వాతి వానాకాలంలో పగలు రాత్రి తేడా దాదాపు పోయింది. రెండు షిఫ్టుల లెక్క పక్కపక్కన పెట్టి చూసుకున్నాను.

సాఫ్ట్‌వేర్ కొనాలనుకునే మిల్లు వాళ్లకు ఇక్కడ ఒకటి చెప్పాలి. అమ్మే వాళ్లు దీన్ని "రైతులను ట్రాక్ చేయొచ్చు" అని చూపిస్తారు. మా దగ్గర ఇది ముందుగా మమ్మల్నే చూపించింది. అది చూడటానికి సిద్ధంగా లేకపోతే ఆ డబ్బుతో ఇంకో డ్రయ్యర్ మోటారు కొనుక్కోండి.

భాష సంగతి. మొదట వచ్చిన మెసేజ్‌లు ఇంగ్లిష్‌లో ఉండేవి. తెలుగులో కావాలంటే వారంలో మార్చి ఇచ్చారు, కానీ ఆ తెలుగు ఎవరు రాశారో తెలియదు. తరుగును "తేమ ఆధారిత మినహాయింపు" అన్నారు. ఖాళీ బండి బరువు "టేర్ భారం" అయింది. అప్పు "సర్దుబాటు చేయబడిన అడ్వాన్స్". ఒక పెద్దాయన ఫోన్ పట్టుకొచ్చి "ఏం బిడ్డా, ఇదేదో కోర్టు కాయితం లెక్కుంది" అన్నాడు. నేనే ఒక రాత్రి కూర్చొని అన్ని మాటలూ మార్చి పంపాను: తరుగు, తాలు, ఖాళీ బండి, హమాలీ, అప్పు పట్టుకున్నది, చేతికొచ్చేది. వడ్ల రకాలు కూడా నంబర్లతో పెట్టారు. ఊళ్లో 5204 అంటే బీపీటీ అని చాలామందికి తెలుసు, కానీ 15048 అంటే తెలంగాణ సోనా అని, 118 అంటే కూనారం సన్నాలు అని అందరికీ వెలగదు. రెండూ పక్కపక్కన వచ్చేలా పెట్టించాను. చదువు రానివాళ్లకు ఫోన్‌లో గొంతుతో చెప్పే సౌకర్యం కూడా ఉంది, కానీ అది పెద్దగా పనిచేయలేదు. మిషన్ గొంతు వినగానే ఏదో లోన్ కంపెనీ ఫోన్ అనుకుని పెట్టేస్తున్నారు. ఇప్పుడు ఆ పని మా ఆఫీసు అమ్మాయి చేస్తోంది. సీజన్‌లో రోజుకు ముప్పై నలభై ఫోన్లు, తన గొంతుతోనే.

కౌలు రైతుల విషయంలో నేను కంపెనీతో గొడవ పడ్డాను. రైతు వివరాల పేజీలో పట్టాదారు పాసుబుక్కు నంబరు ఇస్తే గానీ ముందుకు పోయేది కాదు. కౌలు రైతు దగ్గర పాసుబుక్కు ఎక్కడిది? గేటు దగ్గర కుర్రాడు అడ్డం తగలకుండా భూ యజమాని నంబరు వేసేసేవాడు. అప్పుడు మెసేజ్ యజమానికి, చరిత్ర యజమాని పేరు మీద. దున్నింది, నాటింది, కోసింది ఒకరు, కంప్యూటర్‌లో రైతు ఇంకొకరు. పదిహేను రోజులు వెంటపడితే ఆ గడి ఖాళీగా వదిలేలా మార్చారు, సాగు చేసే మనిషి పేరు విడిగా వచ్చింది. ఇప్పుడు మా లిస్టులో దాదాపు మూడో వంతు కౌలుదారులే. వాళ్లు మూడు సీజన్లు ఎంత తెచ్చారో, ఎంత నాణ్యత తెచ్చారో మా దగ్గర ఉంది. దాన్ని చూసే సేటు కొందరికి నాట్లప్పుడు పెట్టుబడి ఇచ్చారు. ఇంతకు ముందు పొలం పేరు మీద లేని మనిషికి ఆయన రూపాయి ఇచ్చేవారు కాదు. మా నాన్న ఇది చూసుంటే బాగుండేది.

ఫోన్ నంబరుతోనే రైతును గుర్తు పట్టడంలోనూ చిక్కు ఉంది. ఇద్దరు అన్నదమ్ములకు ఒకే ఫోన్ ఉంటుంది. చాలామంది నాన్నలు హైదరాబాద్‌లో ఉన్న కొడుకు నంబరు ఇస్తారు. దీనివల్ల ఒక మంచి కూడా జరిగింది. కొడుకులు ఫోన్ చేసి అడగడం మొదలుపెట్టారు. "మేడం, మా నాన్న మొన్న తెచ్చిన బండికి 22, నిన్నటిదానికి 25 పడ్డది, ఒకటే పొలం కదా" అని ఒకబ్బాయి గచ్చిబౌలి నుంచి అడిగాడు. ఫొటోలు తీసి పంపాను. రెండో బండి పొద్దున్నే మంచు ఆరకముందు కోసింది, టోకెన్ టైము కూడా అలాగే ఉంది. అతను వాళ్ల నాన్నకు చెప్పాడు, మూడో బండి పదకొండు తర్వాత కోశారు, 22 వచ్చింది. ఇలాంటి సంభాషణ గుమాస్తాకు, రైతుకు మధ్య నేను ఇంతకు ముందు చూడలేదు. అరుపులే చూశాను.

తాలు గురించి కూడా ఇలాంటిదే ఒకటి దొరికింది. రెండో సీజన్‌లో గేటు దగ్గర ఇంకో గడి పెట్టించుకున్నాను, ఏ హార్వెస్టర్‌తో కోశారని. నెల తర్వాత చూస్తే రెండు హార్వెస్టర్ల నుంచి వచ్చిన వడ్లలో ఎప్పుడూ తాలు, గడ్డి ఎక్కువ. ఊరు మారినా, రకం మారినా అంతే. ఆ డ్రైవర్లను పిలిచి చూపించాం. ఒకతను గాలి స్పీడు తగ్గించి తోలుతున్నాడు, గింజ బయటికి పోతుందని రైతులు తిడతారనే భయంతో. కొంచెం పెంచి తోలాడు, తేడా ఆ రోజే కనిపించింది. రెండో అతను మాట వినలేదు. రైతులకు ఆ విషయం చెప్పాం, ఎవరితో కోయించుకోవాలో వాళ్లిష్టం.

ఇక పనిచేయనివి. అమ్మడానికి వచ్చిన అబ్బాయి "ఏ రైతు వడ్లలో ఎంత బియ్యం, ఎంత నూక వచ్చిందో లాట్ వారీగా తెలుస్తుంది" అన్నాడు. అది మా దగ్గర జరగని పని. డ్రయ్యర్‌లో ఒక్కసారి పోస్తే అయిదారు ట్రాలీల వడ్లు కలిసిపోతాయి, తర్వాత ఎవరి గింజ ఎక్కడుందో దేవుడికే తెలియాలి. శాంపిల్‌లో కొంచెం తీసి చిన్న మిషన్ మీద పొట్టు తీసి చూడటం ఒక్కటే దారి. దానికి మనిషి కావాలి, సాఫ్ట్‌వేర్ చేసేది ఏమీ లేదు. డెమోలో ఎవరైనా ఈ మాట చెప్తే మీ డ్రయ్యర్ దగ్గరికి తీసుకెళ్లి చూపించండి.

నెట్ పోయినప్పుడు కూడా నడుస్తుందని చెప్పారు. నడిచింది, కానీ 2024 నవంబర్‌లో ఒక వాన రాత్రి కరెంటు, నెట్ రెండూ వస్తూ పోతూ ఉంటే కొన్ని ఎంట్రీలు రెండేసి సార్లు ఎక్కాయి. ఇద్దరు రైతులకు డబ్బులు రెండుసార్లు పడ్డాయి. ఒకాయన తనే ఫోన్ చేసి "నాకు ఎక్కువ పడ్డయమ్మా, ఎవరియో సూస్కోండ్రి" అన్నాడు. రెండో ఆయన దగ్గరికి మేం వెళ్లాల్సి వచ్చింది, ఆయన కూడా ఇచ్చేశాడు. ఆ టెన్షన్ మాత్రం వారం రోజులు నా మీదే ఉంది. కంపెనీ సరిచేసింది, మళ్లీ రాలేదు. కానీ సీజన్ మధ్యలో వాళ్ల హెల్ప్‌లైన్ రాత్రి ఎనిమిదికే మూసేస్తారు. వడ్లు కొనే చోట అసలు పని రాత్రే ఉంటుంది. ఒప్పందంలోనే అక్టోబర్, నవంబర్, ఏప్రిల్ నెలల్లో రాత్రి కూడా మనిషి ఉండాలని రాయించుకోండి. మేం రెండో ఏడాది రాయించుకున్నాం.

కోతల అంచనా చెప్పే భాగం సగం బాగుంది. రైతు నారు పోసిన తేదీ, రకం ఎక్కిస్తే కోత ఏ వారంలో వస్తుందో లెక్క చెప్తుంది. బీపీటీ అయితే 150 రోజులు, తెలంగాణ సోనా అయితే 125 రోజుల లెక్క. వానలకు, నీళ్లు ఆలస్యం కావడానికి అది అటూ ఇటూ అవుతుంది, అది సహజం. కానీ ఏ వారంలో ఎన్ని ట్రాలీలు రావచ్చో ఉజ్జాయింపుగా తెలిస్తే టోకెన్లు ముందే ఇవ్వొచ్చు. ఫలానా రోజు కోయండి, ఆ రోజు మీ బండి ఆగదు అని చెప్పొచ్చు. అలా చెప్పిన రైతులు పోయిన వానాకాలంలో గేటు లోపలికి వచ్చాక సగటున మూడు గంటల్లో ఖాళీ బండితో వెళ్లారు. చెప్పకుండా వచ్చినవాళ్లకు పది, పన్నెండు గంటలు పట్టింది. పచ్చి వడ్లు ట్రాలీలో అన్ని గంటలు మగ్గితే లోపల వేడెక్కుతాయి, గింజ రంగు మారుతుంది. నష్టం ఇద్దరికీ. ఈ తారీఖులు ఎక్కించడానికి ఆగస్టులో ఊళ్లు తిరగాలి, ఫోన్లు చేయాలి. తిరిగితేనే ఇది పనిచేస్తుంది. మేం మొదటి ఏడాది తిరగలేదు, అందుకే ఆ పేజీ ఖాళీగా ఉంది.

ధర గురించి ఒక మాట రాయకపోతే ఈ రివ్యూ అబద్ధం అవుతుంది. సన్నాలకు ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో 17 తేమ లోపు ఉంటే 2025-26లో ఏ గ్రేడు మద్దతు ధర 2,389, దాని మీద రాష్ట్ర బోనస్ 500. మొత్తం 2,889. మా దగ్గర పచ్చి వడ్లకు 2,400 అంటే రైతుకు వెంటనే అయిదు వందల తేడా కనపడుతుంది. ఆ పోలిక సరైంది కాదు, అలాగని మిల్లు చెప్పేదే సరైందని కూడా కాదు. 24 తేమతో ఉన్న 60 క్వింటాళ్లు మాకు అమ్మితే లక్షా 44 వేలు. అవే 17కు ఆరబెడితే 55 క్వింటాళ్ల లోపు అవుతాయి, కేంద్రంలో లక్షా 58 వేల పైచిలుకు వస్తుంది. తేడా 14 వేలకు పైనే. అందులోంచి పట్టాల కిరాయి, కూలీలు, ఆరబెట్టే స్థలం, కాంటా అయ్యేదాకా కాపలా, మబ్బు పడితే భయం, బోనస్ పడేదాకా ఆగడం తీసుకోవాలి. ఇంట్లో మనుషులు, కల్లం ఉన్న రైతుకు కేంద్రమే లాభం. రెండూ లేనివాడికి, అప్పులవాడు గుమ్మంలో ఉన్నవాడికి మిల్లు తప్ప దారి లేదు.

ఈ లెక్క కూడా తెర మీద కనపడాలని నేను కంపెనీని అడిగాను. ఆ అబ్బాయి ఆశ్చర్యపోయాడు, మిల్లు వాళ్లు ఇలాంటిది అడగడం మొదటిసారి అన్నాడు. చేసి ఇచ్చాడు. సేటు ఒప్పుకోలేదు. "మన గేటు దగ్గర మనమే పక్కకు పొమ్మని చెప్పాల్నా" అన్నారు. ఆ పేజీ ఇప్పుడు రైతుకు కనపడదు. కానీ ఎవరైనా నన్ను నేరుగా అడిగితే దాచను. 19 తేమతో వచ్చిన ఒక తమ్ముడికి "రెండు రోజులు ఎండబెట్టుకోగలిగితే సెంటర్‌లో నీకు ఎక్కువొస్తయ్" అని చెప్పాను. వెళ్లాడు. తర్వాత తన మిగిలిన మూడు ఎకరాలవి, ఆరబెట్టే ఓపిక లేనివి, మా దగ్గరికే తెచ్చాడు. ఈ విషయంలో సేటుకు, నాకు ఇప్పటికీ కుదరలేదు. ఆయన మిల్లు, ఆయన పెట్టుబడి, నాకు తెలుసు.

రైతుల వివరాలు ఎవరివి అన్నది అందరూ మర్చిపోయే ప్రశ్న. మా దగ్గర ఇప్పుడు వెయ్యి మందికి పైగా రైతుల ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, అప్పులు, పంట తారీఖులు ఉన్నాయి. మొదటి సీజన్ కాగానే ఒక పురుగుమందుల డీలరు "ఆ లిస్టు ఇస్తే మీకూ లాభం" అని వచ్చాడు. పంపించేశాం. కంపెనీ ఒప్పందం చదివితే అందులో ఒక లైను ఉంది, వివరాలను "భాగస్వాములతో" పంచుకోవచ్చని. 2023లో వ్యక్తిగత వివరాల రక్షణకు కేంద్రం చట్టం చేసింది, అది పట్టుకుని ఆ లైను కొట్టేయించాం. మీరు కూడా సంతకం పెట్టే ముందు ఆ పేజీ తెలుగులో చెప్పించుకుని వినండి. రైతు మనకు నంబరు ఇచ్చింది వడ్ల డబ్బుల కోసం. ఇంకెవరో ఫోన్ చేసి విసిగిస్తే ఆ మాట మన మీదికే వస్తుంది.

డబ్బులు పడే తేదీ చిట్టీ మీద ముద్రపడటం మొదట మా సేటుకు పెద్ద ఇబ్బంది. ఇంతకు ముందు "వారంలో చూద్దాం" అని నడిచేది. తేదీ రాశాక దాటితే రైతు చిట్టీ తెచ్చి బల్ల మీద పెడుతున్నాడు. మొదటి సీజన్‌లో మేం ఇరవై శాతం వరకు తేదీలు తప్పాం, ఆ లెక్క కూడా కంప్యూటరే చెప్పింది. పోయిన వానాకాలంలో ఒక్క వారం తప్ప తప్పలేదు. ఆ వారం బియ్యం అమ్మకం డబ్బు మాకు రాలేదు. నేను ముందు రోజే అందరికీ ఫోన్ చేయించాను, మూడు రోజులు ఆగండి అని. ఎవరూ గేటు ముందు కూర్చోలేదు. ముందు చెప్పినందుకు ఒకరిద్దరు థాంక్స్ కూడా చెప్పారు.

ఐదుకు ఎంత ఇస్తావంటే మూడున్నర ఇస్తాను. చిట్టీ, కాంటా, మార్పుల రికార్డు భాగానికి ఐదు. భాషకు, నేను సరిదిద్దాక, నాలుగు. నెట్ లేనప్పుడు నడవడానికి రెండు. అమ్మేటప్పుడు చెప్పిన మాటలకు ఒకటిన్నర. రోజుకు పది ట్రాలీల కంటే తక్కువ వచ్చే చోట ఇది అవసరం లేదు. మంచి తేమ మిషన్, గోడ మీద పట్టిక, అన్నీ విడివిడిగా రాసిన చిట్టీ పుస్తకం ఉంటే చాలు. మిషన్‌ను ప్రతి సీజన్ ముందు సరిచూపించడం మాత్రం మర్చిపోకండి. అంకె తప్పయితే దాన్ని కంప్యూటర్‌లో ఎక్కించినా తప్పే.

ఈ నెల్లో రెన్యువల్ ఉంది. ఇంకో ఏడాదికి కడుతున్నాం. ఒక్క షరతు పెట్టాం. తేమ మిషన్ నుంచి అంకె నేరుగా కంప్యూటర్‌కు వచ్చే వైరు, మనిషి చేయి పడకుండా, యాసంగి కోతలు మొదలయ్యేలోపు బిగించాలి. మార్చి చివరికి ఇస్తామన్నారు. రాకపోతే రెండో విడత డబ్బు కట్టేది లేదని కాగితం మీద రాసుకున్నాం, దాని మీద సేటు సంతకం కూడా పెట్టించాను.